పెదగుండాల వింటోంది

నాలుగో ట్యాబ్ కొన్నాక కూడా నీరజాక్షికి ఏది మంచిదో తేలలేదు.

లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలయింది. జీతానికి విమానం నడిపే లైసెన్సు కాదది. తన కోసం తాను, చిన్న విమానంలో ఎగరడానికి ఇచ్చేది. నలభై నాలుగేళ్ళ వయసులో పరీక్షలు రాసి, కళ్ళూ గుండే చూపించుకుని, ఆదివారం ఆదివారం ఎగిరి సంపాదించుకుంది. తీరా చేతికొచ్చాక ఒంటరిగా ఒక్కసారీ దూరం పోలేదు. పొద్దున్నే పెదగుండాల ఎయిర్‌స్ట్రిప్‌కి వచ్చేది, రన్‌వే చుట్టూ రెండు మూడు చుట్లు కొట్టి దిగేది, కారెక్కి నంద్యాల వెళ్ళిపోయేది.

"దూరం ఎప్పుడు పోతావమ్మా?" అని గురువు అడిగితే, "ట్యాబ్ తేల్చుకోవాలి సార్. అవగానే పోతాను" అనేది.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఒకప్పుడు పైలట్లు కాగితం మ్యాపు మడిచి తొడ మీద పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ చోట ట్యాబ్ ఉంటుంది. అందులో దారి చూపించే యాప్ వేసుకుంటే, కింద ఉన్న ఏరూ రోడ్డూ కొండా అన్నీ కనిపిస్తాయి; వాటి మీదుగా నీలం రంగు విమానం బొమ్మగా మనం కదులుతుంటాం. అయితే ఏ ట్యాబ్, ఏ యాప్ అన్న దగ్గరే నీరజాక్షి ఆగిపోయింది. పెద్దదాంట్లో అక్షరాలు బాగున్నాయి కానీ బరువు. చిన్నది తేలిక కానీ కళ్ళజోడు పెట్టుకోవాలి. ఒక యాప్‌లో కొండలు ఎరుపు రంగులో ముందే హెచ్చరిస్తాయి. ఇంకోదాంట్లో వాతావరణం బాగా కనిపిస్తుంది. విమానాలు నడిపేవాళ్ళ గ్రూపులో అడిగితే నలభై మంది నలభై రకాలుగా చెప్పారు. ఆమె ఒక నోటుబుక్కు పెట్టి గళ్ళు గీసి మార్కులు వేసింది. బుక్కు సగం నిండింది. ఏదీ గెలవలేదు.

ఏప్రిల్ రెండో ఆదివారం నాలుగు ట్యాబ్‌లూ సంచిలో వేసుకుని గురువు దగ్గరికే తెచ్చింది.

ఆయన పేరు యాకూబ్ అలీ. అరవై ఆరేళ్ళు. వయసులో ఉండగా పత్తి చేల మీద మందు కొట్టే విమానాలు నడిపాడు. చెట్ల కొసలు చక్రాలకి తగిలేంత కిందికి దిగి ఎగిరిన మనిషి అని చెప్పుకుంటారు. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. పాతికేళ్ళుగా ఈ చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో పాఠాలు చెబుతున్నాడు. క్లబ్బంటే ఒక రేకుల షెడ్డు, రెండు సీట్ల విమానం ఒకటి, దాన్ని చూసుకునే మెకానిక్ గోవర్ధన్, అంతే. షెడ్డు చుట్టూ కనుచూపుమేర నల్లరేగడి.

నీరజాక్షి బల్ల మీద నాలుగూ వరసగా పెట్టింది. నోటుబుక్కు తెరిచింది.

"వీటిల్లో ఏది తీసుకోమంటారు సార్?"

ఆయన నోటుబుక్కు వైపు చూడలేదు. గోడ గడియారం చూశాడు. పదకొండున్నర.

"అన్నీ పట్టుకొని రా" అన్నాడు.

విమానం ఎండలో ఉంది. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. ఇంజను వెయ్యమంటాడేమోనని ఆమె చూసింది. ఆయన తలుపు మూసుకున్నాడు. ఒకటి ముందు అద్దానికి అంటించమన్నాడు, ఒకటి చేతిలో ఉండే కంట్రోలుకి బిగించమన్నాడు, ఒకటి పక్కన, చిన్నది తొడ మీద. అన్నీ వెలిగించమన్నాడు. ఆ తర్వాత చేతులు కట్టుకుని ఊరుకున్నాడు.

ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. నీరజాక్షికి వీపు తడిసి సీటుకి అంటుకుంది. ఏదైనా అంటాడేమోనని చూస్తే ఆయన కళ్ళు మూసుకున్నాడు.

పద్దెనిమిదో నిమిషంలో అద్దానికున్న పెద్ద ట్యాబ్ నల్లబడింది. బాగా వేడెక్కాను, చల్లబడేదాకా పని చెయ్యను అని రాసి ఆరిపోయింది. దానికే ఆమె అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసింది.

"పక్కనున్న దాంట్లో ఏం కనిపిస్తోంది?" అని కళ్ళు తెరవకుండానే అడిగాడు.

ఆమె వంగి చూసింది. ఎండ నేరుగా పడుతోంది. "నా మొహం కనిపిస్తోంది సార్."

"కంట్రోలు పూర్తిగా వెనక్కి లాగు."

లాగింది. దానికి బిగించిన ట్యాబ్ వచ్చి కడుపుకి ఆనుకుంది. కంట్రోలు ఇంకో రెండంగుళాలు రావాల్సింది, రాలేదు.

యాకూబ్ అలీ తలుపు తీశాడు. "చిన్నది" అన్నాడు. "కళ్ళజోడు పెట్టుకో."

"యాప్ సంగతి సార్?"

"పెదగుండాల ఎందులో ఉంది?"

ఆ సంగతికి నోటుబుక్కులో గడి లేదు. పేరు మోసిన మూడు యాప్‌లలోనూ ఇంత చిన్న స్ట్రిప్ లేదు. "ఒక్కదాంట్లోనే ఉంది. కానీ అది చూడ్డానికి ఏమంత బాగుండదు సార్."

"సిగ్నల్ లేకపోయినా పని చేస్తుందా?"

"మ్యాపులు ముందే దింపుకుంటే చేస్తుంది."

"దింపుకో. మనం తిరిగి రావాల్సిన చోటు లేని మ్యాపు మనకెందుకు?" ఆయన నెమ్మదిగా కిందికి దిగాడు. "వచ్చే ఆదివారం వేములకోట పోయి రా. ఒక్కదానివే."

ఎనిమిది నెలల పని అరగంటలో తేలిపోయింది. నీరజాక్షికి సంతోషం కలగాలి. దానికి బదులు, ఇన్నాళ్ళూ వీపు ఆనించుకున్న గోడని ఎవరో తీసేసినట్టనిపించింది.

నీరజాక్షి మత్తు డాక్టరు. సొంత ఆసుపత్రి లేదు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ, ఆళ్ళగడ్డ నుంచి ప్రొద్దుటూరు, ఎక్కడ ఆపరేషనుంటే అక్కడికి కారులో పోతుంది. "మేడం, తొమ్మిదికి కేసుంది" అని ఫోనొస్తుంది. వెళ్తుంది. సూది వేస్తుంది, మనిషి నిద్రపోయాక తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, మానిటర్ మీద గీతలు చూస్తూ ఊపిరి కాపలా కాస్తుంది. మనిషికి మెలకువ వచ్చేసరికి ఇంకో ఊరి దారిలో ఉంటుంది. ఇరవయ్యేళ్ళలో ఎన్ని వేల మందిని నిద్రపుచ్చి లేపిందో ఆమెకే లెక్క తెలియదు. బజార్లో ఒక్కరూ గుర్తుపట్టరు. ఆపరేషను చేసిన డాక్టరుకి మిఠాయి డబ్బాలు వస్తాయి. అందులో తప్పేమీ లేదని ఆమెకీ తెలుసు. నిద్రపోయేవాళ్ళకి కాపలా మనిషి మొహం ఎలా గుర్తుంటుంది?

గుర్తుపెట్టుకున్న మనిషి ఒకామె ఉండేది. విమల అని కాన్పుల డాక్టరు. పదిహేడేళ్ళు ఇద్దరూ కలిసి కేసులు చేశారు. ఒకే ఇంట్లో పైన ఒకరు, కింద ఒకరు అద్దెకున్నారు. ఎంత రాత్రి ఏ ఊరు నుంచి బయల్దేరినా విమల నుంచి ఫోను వచ్చేది. "చేరావా?" ఆ ఒక్క మాటే. కరోనా రెండోసారి వచ్చినప్పుడు విమల పోయింది. ఆమెకి మత్తు మందిచ్చి గొంతులోకి గొట్టం వేసింది నీరజాక్షే. లేపలేకపోయింది.

ఆ తర్వాత ఫోను మోగుతూనే ఉంది. కేసులకే.

ఒకరోజు ప్రొద్దుటూరు నుంచి వస్తుంటే రోడ్డు పక్క చేల మీదుగా చిన్న విమానం ఒకటి దిగడం చూసి కారు ఆపింది. దిగిన మనిషి కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. ఎందుకో లోపలికి పోయి, "నేర్పిస్తారా?" అని అడిగింది. "నేర్చుకుంటావా?" అన్నాడాయన. ఆయనతో ఆమె పరిచయం అక్కడ మొదలైంది.

బుధవారం సాయంత్రం ఇంట్లో కూర్చుని యాప్‌ని సిద్ధం చేసింది. విమానం పేరు రాసింది, పెట్రోలు ఎంత పడుతుందో రాసింది, వేములకోట దారి గీసింది. పేజీ తర్వాత పేజీ తేలిగ్గా దాటుతూ వచ్చి ఒక చోట ఆగింది.

"మీరు అనుకున్న వేళకి చేరకపోతే ఎవరికి తెలపాలి? పేరు. ఫోన్ నంబరు."

ముందు ఆలోచించలేదు. ఫోన్ తీసి పేర్లు చూడటం మొదలుపెట్టింది. అన్నయ్య ఢిల్లీలో ఉంటాడు. పండక్కి మెసేజి పెడతాడు. అతనికి తను విమానం నేర్చుకున్న సంగతే తెలియదు. తర్వాతవన్నీ ఆసుపత్రులు. థియేటర్ నర్సులు. ఆక్సిజన్ సిలిండర్లు తెచ్చే అతను. కింద వాటాలో కొత్తగా దిగిన బ్యాంకాయన. ఒక్కో పేరు దగ్గరా, ఆదివారం తొమ్మిది గంటలకి ఇతనికి ఇట్లాంటి మెసేజి పోతే ఏమనుకుంటాడు అని ఊహించుకుంది. ఎవరు ఈవిడ, నాకెందుకు పంపింది అనుకుంటారు. అది తప్ప ఇంకోటి ఊహకి రాలేదు.

మిగతా మూడు యాప్‌లలోనూ ఇదే ప్రశ్న ఉంది. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ప్రతిదాన్నీ సరిగ్గా ఈ పేజీ దగ్గరే ఆపి, ఏదో వంక చెప్పుకుని, కొత్తది వెతుక్కుంది.

ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వడం లేదు. చాలాసేపు కూర్చుని, చివరికి తన పేరే రాసింది. తన నంబరే వేసింది. యాప్ ఒప్పుకుంది.

ఆదివారం ఆరింటికి పెదగుండాలలో గాలి చల్లగా ఉంది. యాకూబ్ అలీ విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. ట్యాబ్ అందుకుని, వేలితో ఒక్కో పేజీ జరుపుతూ చూశాడు. ఆ పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఈ నంబరు ఎవరిది?"

"నాదే సార్."

ఏమైనా అంటాడని తలవంచుకుని నిలబడింది. ఆయన దాన్ని దిద్దలేదు. ట్యాబ్ ఆమె చేతికిచ్చి, జేబులోంచి చిన్న కాగితం తీశాడు.

"ఎన్నింటికి తిరిగొస్తావు?"

"ఎనిమిది యాభై అయిదుకి."

రాసుకున్నాడు. "పో" అన్నాడు.

పోవడం బాగానే జరిగింది. కుందూ ఏరు కుడిచేతి వైపు మెరుస్తూ వచ్చింది. కాలవ, దాని పక్కన ఆకుపచ్చని గీత, ఆ తర్వాత నల్లటి నేల, ట్యాబ్‌లో ఎలా ఉందో కిందా అలాగే ఉంది. ఏడూ నలభైకి వేములకోటలో దిగింది. అక్కడెవరూ లేరు. రన్‌వే చివర రెండు మేకలు నిలబడి చూశాయి. సీసాలో నీళ్ళు తాగి, విమానం రెక్క కింద నీడలో కాసేపు కూర్చుంది. ఇంత దూరం ఒక్కతే వచ్చింది. ఆ మాట ఎవరితో అనాలో తెలియక మేకల వైపు చూసింది. ఎనిమిదింబావుకి మళ్ళీ ఎగిరింది.

తిరుగు దారిలో పడమటి గాలి లేచింది. మే నెల దగ్గరపడితే ఆ నేలల్లో గాలికి నల్ల ధూళి పైకి లేస్తుంది. కిందున్నవాళ్ళకి మామూలు గాలే. పైనుంచి చూస్తే మాత్రం భూమి మీద ఎవరో దుప్పటి కప్పినట్టుంటుంది. ముందు దూరంగా ఉన్న కొండలు పోయాయి. ఆ వెనకే ఏరు పోయింది.

నీరజాక్షి భయపడలేదు. కిటికీలోంచి చూడటం మానేసి ట్యాబ్ చూసుకుంటూ నడిపింది. కాలవ వంపు మీద నీలం విమానం నిలకడగా ఉంది. ఎంత నిలకడగా ఉందో చూసి ఆమెకి హాయిగా అనిపించింది. థియేటర్లో కూర్చున్నట్టే ఉంది. తెరా, దాని మీద బొమ్మా, తనూ.

ఒక నిమిషం గడిచింది. నాలుగు నిమిషాలు గడిచాయి.

మానిటర్ మీద గీత మరీ నిలకడగా ఉంటే ముందు మనిషి మణికట్టు పట్టుకోండి అని ఆమె ఎంతమంది జూనియర్లకి చెప్పిందో. ఉన్నట్టుండి తన గొంతే తనకి వినిపించినట్టయింది. విమానం గంటకి నూట అరవై కిలోమీటర్ల వేగంతో పోతోంది. నాలుగు నిమిషాల నుంచీ అదే కాలవ వంపు మీద ఎలా ఉంటుంది?

తెర మీద వేలు పెట్టి జరిపింది. జరగలేదు. ఎప్పుడు ఆగిందో ఎందుకు ఆగిందో తెలియదు. బొమ్మ బొమ్మలా ఉండిపోయింది.

తల ఎత్తి చూస్తే చుట్టూ మట్టిరంగు. కింద ఒక చిన్న గుండ్రటి మేర మాత్రం నేల కనిపిస్తోంది. అది ఎక్కడి నేలో చెప్పడానికి గుర్తేదీ లేదు. రేడియోలో పిలిచింది. గరగర తప్ప బదులు లేదు. ఇంజను మోత ఒకటే. అప్పుడు ఆమెకొక ఆలోచన వచ్చింది. అది చావు భయం కన్నా చల్లగా ఉంది. తను ఇక్కడ పడిపోతే తొమ్మిది గంటలకి ఒక మెసేజి వస్తుంది, తన జేబులోనే ఫోను మోగుతుంది.

రెండు చేతులతో కంట్రోలు గట్టిగా పట్టుకుంది. పాఠాలు గుర్తు చేసుకుంది. గాలి పడమటి నుంచి వస్తోంది కాబట్టి తను తూర్పుకి కొట్టుకుపోయి ఉండాలి. తూర్పున రైలు పట్టాలున్నాయి. పట్టాలు దాటితే కొండలు. కొండల్లోకి పోకుండా పట్టాలు దొరకాలి. దిక్సూచి చూసి కొంచెం తూర్పుకి తిప్పింది, ఎత్తు పెంచుకుంది, గడియారం చూసింది. తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలూ కళ్ళు నేల మీద నుంచి తియ్యలేదు. చివరికి మట్టిరంగులో సన్నటి గీత ఒకటి తిన్నగా సాగుతూ కనిపించింది. దాని మీద గూడ్సు బండి నిలబడి ఉంది.

పట్టాలు పట్టుకుని దక్షిణానికి తిరిగింది. ఒక స్టేషను దాటింది. మూడో గేటు దాటాక రేడియోలో మాట వినపడింది. ముందు సగం సగం, తర్వాత పూర్తిగా.

"పెదగుండాల వింటోంది. డాక్టరమ్మా, వింటుంటే చెప్పు. పెదగుండాల వింటోంది."

ఆమె బటను నొక్కింది.

"వింటున్నాను సార్. రైలు పట్టాల మీదుగా వస్తున్నాను. పది నిమిషాల్లో దిగుతాను."

"రా" అన్నాడు.

దిగేసరికి తొమ్మిదీ ఇరవై. రన్‌వే చివర ఎండలో ప్లాస్టిక్ కుర్చీ ఒకటుంది. ఆయన కుర్చీలో లేడు, పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో చిన్న రేడియో. టోపీ లేని తల మీద చెమట. ఆమె విమానాన్ని షెడ్డు దాకా తెచ్చి ఇంజను ఆపేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ తర్వాత కుర్చీ ఎత్తుకుని నెమ్మదిగా నడిచి వచ్చాడు.

గోవర్ధన్ చక్రాలకి దిమ్మలు పెడుతూ, "ఎనిమిది యాభై అయిదు నుంచీ రెండు నిమిషాలకోసారి పిలుస్తానే ఉన్నాడు మేడం" అన్నాడు. "రేకుల కింద ఆ రేడియోకి వినపడదు. అందుకని మీరు ఎగిరినప్పటి నుంచీ ఎండలోనే."

నీరజాక్షి ట్యాబ్ సంగతి చెప్పింది. ఆయన తీసుకుని ఆర్పి మళ్ళీ వెలిగించాడు. నీలం విమానం ఏమీ ఎరగనట్టు పెదగుండాల మీద నిలబడింది.

"ఇది మార్చాలా సార్?"

"ఎందుకు? మంచిదే. ఈసారి దాని నాడి కూడా చూస్తూ ఉండు."

షెడ్డు నీడలో బల్ల మీద కూర్చున్నారు. ఆయన ఎడమకాలు చాచి మోకాలు నొక్కుకుంటున్నాడు. ఎండలో నిలబడి బాగా నొప్పెట్టినట్టుంది.

"మీరు ఎండలో ఉండాల్సింది కాదు సార్."

"గుంటూరు పక్క పత్తి చేలో పడ్డాను ఒకసారి" అన్నాడు. "కాలు సీటు కింద ఇరుక్కుంది. మందు నింపేవాళ్ళు నేను ఇంటికి పోయానంకున్నారు. ఇంట్లోవాళ్ళు వాళ్ళ దగ్గర పడుకున్నానంకున్నారు. ఒక పగలూ ఒక రాత్రీ."

"చాలా నొప్పి పడుంటారు."

"నొప్పి గుర్తులేదు. ఎవరూ వెతకడం లేదని తెలిసింది చూడు, అది గుర్తుంది."

ఇద్దరూ చేల వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆమె లేచి కారు తాళాలు తీసుకుంది. ఈ ఆదివారం తర్వాత తను మళ్ళీ రాకపోతే ఈయన ఎన్నాళ్ళకి గమనిస్తాడో అని ఒక ఆలోచన వచ్చింది. మళ్ళీ రాకూడదనే ఉందేమో మనసులో. పైన ఉండగా కలిగిన ఆ చల్లదనం ఇంకా ఒంట్లోంచి పోలేదు.

"డాక్టరమ్మా" అని పిలిచాడు యాకూబ్ అలీ. "ఇంజనుకి కొత్త సామాను వేస్తున్నాడు గోవర్ధన్. వచ్చే ఆదివారం నేనొక గంట తిప్పి చూడాల. ఆ గంటా నువ్వు వినాల."

"గోవర్ధన్ ఉంటాడు కదా సార్?"

"ఉంటాడు. నేను నిన్ను అడుగుతున్నా."

ఆ వారమంతా ఎప్పట్లాగే గడిచింది. పదకొండు కేసులు, నాలుగు ఊళ్ళు. శనివారం సాయంత్రం ప్రొద్దుటూరు నుంచి ఫోనొచ్చింది. "మేడం, రేపు ఏడింటికి కేసుంది." అంత అత్యవసరంగా చెయ్యాల్సిన ఆపరేషను కాదది. ఇన్నేళ్ళలో మొదటిసారి, "రేపు పొద్దున నాకు పనుంది. పదకొండుకి పెట్టుకోండి" అంది. అవతలామె ఆశ్చర్యపోయి, "ఇంట్లో ఏమైనా ఫంక్షనా మేడం?" అని అడిగింది. "కాదు" అంది నీరజాక్షి. ఫోను పెట్టేసింది.

ఆదివారం ఆయన రేడియో ఆమె చేతిలో పెట్టి, కాగితం మీద రెండు సంగతులు రాసిచ్చాడు. ఎగిరేది ఏడు పది. దిగేది ఎనిమిది పది. "దాటితే పిలువు. అరగంట దాటితే గోవర్ధన్ దగ్గర నంబర్లున్నాయి, వాళ్ళకి చెప్పు. కొండల వైపు పోతున్నానని చెప్పు."

"అలాగే సార్."

విమానం తూర్పుకి పోయి చుక్కయి, చుక్క కూడా పోయింది. నీరజాక్షి రన్‌వే చివర కుర్చీ వేసుకుని కూర్చుంది.

కాపలా ఆమెకి కొత్త కాదు. కానీ థియేటర్లో మనిషి ఎదురుగా ఉంటాడు. ఛాతీ లేస్తూ పడుతూ ఉంటుంది, యంత్రం టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. ఇక్కడ ఏదీ లేదు. ఖాళీ ఆకాశం, గరగరమనే రేడియో. ఆయన లేని చోటు వైపు చూస్తూ ఆయన కోసం కూర్చోవాలి. మొదటి పావుగంట ఫోను చూసుకోవాలనిపించింది. తర్వాత అనిపించలేదు. గాలి ఎటు నుంచి వస్తోందో చూసింది. ఆ గాలికి ఆయన ఎటు జరుగుతాడో ఊహించింది. ఇప్పుడు కొండ అంచు దగ్గర ఉంటాడు, ఇప్పుడు తిరిగి ఉంటాడు అని లెక్కపెట్టుకుంది. ఎండ కుర్చీ దాకా వచ్చింది. ఆమె కుర్చీ జరపలేదు.

ఎనిమిది పది అయింది. తూర్పున ఏమీ లేదు.

"పెదగుండాల వింటోంది సార్. వింటుంటే చెప్పండి."

గరగర.

రెండు నిమిషాలాగి మళ్ళీ పిలిచింది. మళ్ళీ రెండు నిమిషాలకి. షెడ్డు దగ్గర గోవర్ధన్ పానాలు తుడుస్తూ తల ఎత్తలేదు. ఒక మనిషి రాకపోతే తను ఏం చెయ్యాలో ఒక్కటొక్కటే తలుచుకుంది. కారు ఎక్కుతుంది. పట్టాల వెంట పోతుంది. కొండల దాకా ప్రతి చేలోకీ దిగి చూస్తుంది. పదకొండు గంటల కేసు ఎవరైనా చూసుకుంటారు. ఈ ఆలోచనలు ఇంత తేలిగ్గా, ఇంత వరసగా రావడం ఆమెకే వింతగా అనిపించింది. ఎప్పుడు లేచి నిలబడిందో తెలియదు.

ఎనిమిదీ ఇరవై రెండుకి రేడియో తెరుచుకుంది. గాలి శబ్దంలో ఆయన గొంతు, కొంచెం అలసిపోయి.

"పెదగుండాల, ఎవరున్నారు?"

నీరజాక్షి రేడియోని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"నేనున్నాను సార్."

"సరే" అన్నాడాయన. "వస్తున్నా."